మీట మీద వేలు

పెట్టెలో ఏదో ఒక లోపం దొరకాలని మహేశ్ పొద్దుటి నుంచి వెతుకుతున్నాడు. దొరకడం లేదు.

పంప్‌హౌస్ వెనక రేకుల షెడ్డులో, నీళ్ళు నింపిన నీలం డ్రమ్ము ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పసుపుపచ్చ పెట్టె మూత తెరిచి ఉంది. దానికి తగిలించిన నల్ల తీగ డ్రమ్ములోకి దిగింది. తీగ చివర పిడికిలంత నల్లటి గుండు. కంపెనీవాళ్ళ పుస్తకంలో దానికి నోరు తిరగని పేరేదో ఉంది గానీ సైటులో అందరికీ అది గుండే. నీళ్ళలోకి దిగే మనిషి తలపక్కన కట్టుకునే చిన్న యంత్రాన్ని కూడా అదే డ్రమ్ములో ముంచాడు. తడి తగిలితే చాలు, అది తనంతట తానే పనిలోకి దిగుతుంది. దాని చెవిముక్కను మాత్రం ప్రేమ్‌సింగ్ బయటికి తీసి చెవికి ఆనించుకున్నాడు.

మహేశ్ మైకు పట్టుకుని, దానికే ఉన్న మీట నొక్కి, "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది.

"ఇనవడ్తుందా?"

"మంచిగ ఇనవడ్తుంది" అన్నాడు ప్రేమ్‌సింగ్, అతని మొహం చూడకుండా.

బ్యాటరీ మార్చాడు. తీగను మూల మూలా వంచి చూశాడు. గుండును మంచినీళ్ళతో కడిగి, తుడిచి, మళ్ళీ ముంచాడు. ఒక్క తీగ తెగి ఉంటే చాలు, ఒక్క చోట నీరు చొరబడి ఉంటే చాలు. నిన్నటి నుంచి అతను మొక్కని దేవుడు లేడు. ఇంత ఖరీదైన వస్తువు చెడిపోవాలని మొక్కుకున్న మనిషి ఆ సైటులో అతనొక్కడే అయి ఉంటాడు.

నీళ్ళలో రేడియో పోదు, సెల్‌ఫోను పోదు. పోయేది చప్పుడొక్కటే. మనిషి మాటను మనిషి చెవికి అందనంత సన్నటి చప్పుడుగా మార్చి ఈ గుండు నీళ్ళలోకి వదులుతుంది. కిందివాడి తలకున్న యంత్రం దాన్ని పట్టి మళ్ళీ మాటగా మార్చి చెవిలో వేస్తుంది. కిందివాడు మాట్లాడితే ఇదే వరస తిరగబడుతుంది. నడుమ కాంక్రీటు గోడ అడ్డముంటే మాట పోదు. పక్కన పంపు తిరుగుతుంటే పోదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే పోదు. మీట నొక్కినంతసేపూ పైవాడిదే మాట. వేలు తీస్తేనే కిందివాడి గొంతు పైకొస్తుంది. కొచ్చిలో వారం రోజులు శిక్షణ తీసుకుని వచ్చిన మహేశ్ ఈ పాఠాన్ని నీళ్ళలోకి దిగే సుభాష్‌కూ ప్రేమ్‌సింగ్‌కూ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"తాడుండంగ మంచిగుండె" అన్నాడు ప్రేమ్‌సింగ్, చెవిముక్కను డ్రమ్ము అంచు మీద పెడుతూ.

పెట్టె రాకముందు ప్రేమ్‌సింగ్ పని తాడు పట్టుకోవడమే. ఒక కొస సుభాష్ నడుముకు, ఒక కొస ఇతని చేతిలో. ఒక గుంజు గుంజితే బాగున్నట్టు, వరసగా గుంజితే పైకి లాగమన్నట్టు. తాడు ఇనుపజాలికి చిక్కుకుంటుందనీ, ఫోను ఉన్నాక తాడెందుకనీ చెప్పింది మహేశే. అందుకని అతను మాట మార్చాడు.

"దవాఖానకెల్లి ఫోన్ వచ్చిందా?"

"వచ్చింది. సుభాష్ పెండ్లాం కల్యాణి చేసింది" అన్నాడు ప్రేమ్‌సింగ్. "మూడు వేళ్ళు తీసేసిన్రట. జరసేపు ముందల బరువు తీస్తే రెండన్న మిగులుతుండె అన్నడట డాక్టర్."

మహేశ్ మైకు కింద పెట్టేశాడు.

నిన్న మధ్యాహ్నం రవీందర్ మామ రాకపోయి ఉంటే. ఆ ఆలోచన దగ్గరే మహేశ్ బుర్ర గానుగెద్దులా తిరుగుతోంది.

రవీందర్ అతనికి మేనమామ. జనగామలో రెండు రైసుమిల్లులు, ఒక పార్టీ, బోలెడంతమంది మనుషులు ఉన్నవాడు. తరిగొప్పులలో పొలం చూసుకుంటూ ఖాళీగా తిరుగుతున్న అల్లుడికి ఒక్క ఫోనుతో ఈ ఉద్యోగం ఇప్పించాడు. ఇద్దరు స్నేహితులతో కాళేశ్వరం వెళ్ళి దర్శనం చేసుకుని వస్తూ, దారిలోనే కదా అని, అల్లుడి మిషను చూడ్డానికి పంప్‌హౌస్ దగ్గర కారు ఆపాడు. నుదుటి మీద బొట్టు ఇంకా ఆరలేదు. సైటు మేనేజరు శివాజీ స్వయంగా కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు.

అప్పటికి సుభాష్ నీళ్ళలో ఉన్నాడు. వానాకాలమంతా గోదావరి మోసుకొచ్చిన చెత్త, తెగిన చేపల వలలు, చెట్ల మొద్దులు పంపుల ముందున్న ఇనుపజాలికి అంటుకుని కూర్చుంటాయి. అవి తీస్తే తప్ప పంపులు నడవవు. వాటిని కోసి, విడదీసి, క్రేను కొక్కేనికి తగిలించి పైకి పంపడం సుభాష్ పని. అంత లోతులో, ఆ బురదనీళ్ళలో కళ్ళకు పనేం లేదు. చేతులతో తడుముకుంటూ చేయాలి.

మహేశ్ ఉత్సాహంగా మీట నొక్కి, "సుభాష్, మా మామ వచ్చిండు. నీతోని మాట్లాడుతడట. ఓవర్" అన్నాడు.

పెట్టెలోంచి, కుండలో తలపెట్టి మాట్లాడుతున్నట్టు, "నమస్తే పటేలా" అని వచ్చింది. స్నేహితులిద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. రవీందర్ చేయి చాపాడు. మహేశ్ మైకు ఇచ్చాడు. రవీందర్ దేన్నయినా చేతిలోకి తీసుకుంటే తప్ప చూసినట్టు లెక్కవేసుకోడు.

"ఏం తమ్మీ, లోపల చేపలున్నయా?"

"ఉన్నయి పటేలా. బురదకు కనవడ్తలేవు."

"పెద్దయి తగిలితె రెండు పట్టుకరా మాకు" అని రవీందర్ స్నేహితుల వైపు తిరిగి నవ్వాడు. మైకు అతని పొట్ట మీదికి వచ్చింది గానీ బొటనవేలు మీట మీదే ఉండిపోయింది. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మహేశ్ దాన్ని చూశాడు.

"ఎంతుంటదిరా అల్లుడా గిది?"

"మొత్తం సెట్టు పదకొండు లక్షలు మామా. బయటిదేశంకెల్లి వస్తది. పన్నులే రెండు లక్షలు దాటినయి."

"పదకొండు లక్షలు పెట్టి మాట్లాడుడేంది" అన్నాడు స్నేహితుల్లో ఒకాయన. "ట్రాక్టరొస్తది గద పటేలా దీనికి."

అందరూ నవ్వారు. ఎందుకంత ఖరీదో మహేశ్ చెప్పసాగాడు. నీళ్ళ ఒత్తిడికి తట్టుకోవాలి, గుండులోపల ఉండే బిళ్ళ మామూలు బిళ్ళ కాదు, మాట్లాడటానికి వీలుగా మొహమంతా కప్పే మాస్కు కావాలి, అదే ఒకటి లక్ష దాటుతుంది, దేశంలో కొనేవాళ్ళు తక్కువ కాబట్టి ధర దిగదు. తనకు తెలిసిన నాలుగు ముక్కలూ మామ ముందు చెప్పుకునే అవకాశం అతనికి రాకరాక వచ్చింది. రవీందర్ కూడా గర్వంగానే వింటున్నాడు. నడుమ నడుమ స్నేహితులకు తన మాటల్లో మళ్ళీ చెబుతున్నాడు. అక్కణ్ణుంచి సంభాషణ ట్రాక్టర్ల ధరల మీదికి, అక్కణ్ణుంచి పత్తి ధర మీదికి పోయింది.

"మామా, జర ఆ వేలు తియ్యి" అంటే అయిపోయేది. ఆ మాట మహేశ్ నాలుక చివరిదాకా వచ్చింది. స్నేహితుల ముందు రవీందర్ పటేల్‌ను వేలు తియ్యమనడమా అని ఆగిపోయాడు. ఇంకో రెండు ముచ్చట్లు చెప్పి ఆయనే ఇచ్చేస్తాడులే అనుకున్నాడు.

బుడగలను కూడా చూశాడు. సుభాష్ పనిచేస్తుంటే అతని ఊపిరి బుడగలు జాలి పొడవునా జరుగుతూ ఉంటాయి. అవి ఒకేచోట నిలబడిపోయాయి. వల కోస్తున్నాడేమో అనుకున్నాడు. నిజానికి అలా అనుకోవాలని అనుకున్నాడు. ఈ సంగతి మహేశ్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు. అతన్ని తినేస్తున్నది ఇదే.

చివరికి రవీందర్, "మంచిగుందిరా" అని మైకు తిరిగిచ్చాడు. దీపం ఆరింది.

"సుభాష్, ఎట్లున్నవ్? ఓవర్."

జవాబు వెంటనే వచ్చింది. గొంతులో తొందర లేదు. "అన్నా, చెయ్యి ఇరికింది. మొద్దు కింద."

"ఎప్పుడు?"

"జరసేపాయె."

ప్రేమ్‌సింగ్ గడ్డపార పట్టుకుని దూకాడు. ఇద్దరూ పైకొచ్చేసరికి సుభాష్ కుడిచేతి గ్లవ్వు చదునుగా ఉంది. అందరికన్నా ముందు కదిలింది రవీందరే. "నా బండ్ల వెయ్యిండ్రి" అని తన తువ్వాలు సీటు మీద పరిచాడు, డ్రైవరును పక్కకు జరిపి తనే కారు నడిపాడు. భూపాలపల్లి దవాఖానలో, అక్కణ్ణుంచి వరంగల్‌లో, ఎవరెవరికో ఫోన్లు చేసి డాక్టరును పిలిపించింది కూడా ఆయనే. మామ మంచివాడు కాకపోయి ఉంటే మహేశ్‌కు పని సులువయ్యేది.

పెట్టె పరీక్ష ముగిశాక, మంగళవారం సాయంత్రం శివాజీ పిలిచాడు.

"పెట్టె ఎట్లుంది?"

"మంచిగనే ఉంది సార్."

శివాజీ కుర్చీలో వెనక్కి వాలాడు. అతని మొహంలో హాయి కనిపించింది. "నేను పరేషాన్ అయినా మహేశ్. పదకొండు లక్షలది ఖరాబైందంటె నా మెడకే చుట్టుకుంటుండె. ఇంక మనకు ఫికర్ లేదు. శుక్రవారం హైదరాబాద్‌కెల్లి విచారణకు వస్తున్నరు. ఫోను ఉంది, పనిచేస్తుంది, అతను పిలువలే. పిలువకుంట మొద్దు కింద చెయ్యి పెట్టుడు ఎవరి తప్పు? వాని తప్పే. గంతే."

"వాని తప్పయితే సుభాష్‌కు ఏం రాదు గద సార్."

"ఏదో దయతల్చి ఇస్తరు. ఇయ్యకుంటె మీ మామ ఉండనే ఉన్నడు." శివాజీ కిటికీలోంచి పంపుల వైపు చూస్తూ అన్నాడు, "అప్పుడు మనం ఏం మాట్లాడుకుంటున్నమో ఎవరు అడగరు. నువ్వు గూడ చెప్పకు."

మీట సంగతి అతనికీ తెలుసన్నమాట. తెలిసినవాళ్ళు ఇద్దరున్నారన్న ధైర్యం కలగాలి. మహేశ్‌కు కలగలేదు.

బుధవారం సెలవు పెట్టి జనగామ వెళ్ళాడు. మామకు చెప్పేయాలి. విచారణలో నిజం చెబుతానని చెప్పి, ఆయన చేత సరేననిపించుకోవాలి. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు.

రవీందర్ అన్నానికి కూర్చోబోతున్నాడు. సునంద అత్త మహేశ్‌కూ పళ్ళెం పెట్టింది. "ఎండిపోయినవేందిరా, అక్కడ తిండి పెడ్తలేరా?" అంటూ పప్పు మీద నెయ్యి వేసింది.

"మామా, మొన్న ఆ మీట..."

"ఆ పిల్లగానికి ఎట్లున్నది ఇప్పుడు? నేను డాక్టర్‌కు రోజు ఫోన్ చేస్తున్న. రేపు ఇంటికి పంపుతరట. పైసలు నేను కట్టిన, నువ్వేం ఫికర్ చెయ్యకు."

"అది కాదు మామా. నువ్వు మైకు పట్టుకున్నప్పుడు..."

"నువ్వు ఆగు, నేను చెప్తున్న గద." రవీందర్ ముద్ద కలుపుతూ చెప్పుకుపోయాడు. శివాజీతో మాట్లాడాడట. కంపెనీ ఏమీ ఇవ్వకపోతే తనే ఇస్తాడట. ఆ పిల్లవాడి భార్యకు ఎక్కడైనా స్కూల్లో వంటపని చూస్తాడట. "తండావోళ్ళు మనల్ని నమ్ముకున్నోళ్ళు. మనం చూసుకోవాలె. ఎలక్షన్లు గూడ ముందల్నే ఉన్నయి, ఊకె పేర్లు బయటికొస్తె మంచిగుండదు. నేనేం చేసిన, రెండు ముచ్చట్లు మాట్లాడి నీకు ఇచ్చేసిన. ఏమంటవ్?"

నిజంగానే ఆయనకు తెలియదు. వేలు మీట మీద ఉన్న సంగతి వేలు యజమానికి తెలియదు. మహేశ్ మళ్ళీ నోరు తెరిచాడు. మామ మళ్ళీ, "నువ్వు ఆగు" అన్నాడు. ఆ ఇంట్లో అది తిట్టు కాదు, కోపం కాదు. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటే మహేశ్ నోరు దానంతటదే మూసుకుంటుంది. అతని తల్లి నోరూ అంతే, ఆఖరికి సునంద అత్త నోరూ అంతే.

పెరుగన్నం రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాడు. బయటికొచ్చి బండి స్టార్టు చేస్తుంటే ఆ సంగతి గుర్తొచ్చి తన మీద తనకే రోత పుట్టింది. మూడు వేళ్ళు పోయినవాడి సంగతి మాట్లాడ్డానికి వచ్చి, ఐదు వేళ్ళూ నాక్కుని వెళ్తున్నాడు.

గురువారం పాలకుర్తి, తొర్రూరు మీదుగా దంతాలపల్లి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. బండికి యాపిల్‌పళ్ళ సంచీ తగిలించుకున్నాడు. ఊరు దాటి సుభాష్ వాళ్ళ తండాకు తిరిగే మట్టిదారిలో రెండు పక్కలా పత్తి విచ్చి ఉంది. రేపే విచారణ. అధికారులు పొద్దున పంప్‌హౌస్ చూసి, అక్కణ్ణుంచి సుభాష్‌ను కూడా అడగడానికి వస్తారని శివాజీ చెప్పాడు. ఈలోగా సుభాష్‌తో ఒక మాట అనుకోవాలి. రాత్రంతా ఆలోచించి మహేశ్ ఒక దారి కనిపెట్టాడు. మీట నొక్కి ఉన్నప్పుడు కింది నుంచి మాట రాదు. కాబట్టి సుభాష్ పిలిచాడని పైనున్నవాళ్ళెవరూ చెప్పలేరు. సుభాష్ చెప్పాలి. పిలిచాను, పిలుస్తూనే ఉన్నాను అని సుభాష్ చెబితే, మీట మీద వేలుందని తను చెబుతాడు. రెండు మాటలూ అతుక్కుంటాయి. ఉద్యోగం పోతే పోతుంది. అలా అనుకున్నాక మహేశ్‌కు గుండె కాస్త తేలికైంది. ఆ తేలికను చూసి మళ్ళీ సిగ్గేసింది.

సుభాష్ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి తెల్లటి పెద్ద కట్టు. దాన్ని దిండు మీద ఎత్తిపెట్టుకున్నాడు. అరుగు నిండా ఏరి తెచ్చిన పత్తి. అతని భార్య కల్యాణి, తల్లి రామి దాంట్లోంచి ఎండాకులు, తొక్కలు తీసేస్తున్నారు. మహేశ్‌ను చూసి సుభాష్ మంచం మీంచి లేవబోయాడు.

"కూసో, కూసో. ఎట్లున్నది?"

"మంచిగనే ఉందన్నా. సూదులిచ్చిన్రు. రాత్రి జర సలుపుతది." తల్లి వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. రామి లోపల్నుంచి కుర్చీ తెచ్చి, పైట చెంగుతో తుడిచి వేసింది. చెంబుతో నీళ్ళిచ్చింది. కొడుకు ఇలా అయ్యాడన్న కోపం ఆ ముసలామె మొహంలో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని మహేశ్ చూశాడు. కనిపిస్తే బాగుండుననిపించింది.

యాపిల్‌పళ్ళ సంచీ అరుగు మీద పెట్టాడు. నీళ్ళు తాగాడు. ఇంక ఆగితే చెప్పలేనని తెలిసి, తలెత్తకుండా మొదలుపెట్టాడు.

"సుభాష్, నీ చెయ్యి నా వల్ల పోయింది. మా మామ మైకు పట్టుకున్నంతసేపు ఆయన వేలు మీట మీదనే ఉండె. ఎర్ర దీపం వెలుగుతనే ఉండె. నేను చూసిన. చూసి గూడ తియ్యమనలే. నీ బుడగలు ఆగినయి, అది గూడ చూసిన. నువ్వు కిందికెల్లి పిలుస్తనే ఉన్నవ్, మాకు ఇనవడలే. రేపు నేను ఇదంత చెప్త. నువ్వు గూడ చెప్పు. చెయ్యి ఇరకంగనే పిలిచిన, ఎవరు పలుకలే అని చెప్పు. నీకు రావాల్సింది వస్తది."

కల్యాణి చేతులు పత్తిలో ఆగిపోయాయి. ఆమె మహేశ్‌ను సూటిగా చూసింది. ఇన్ని రోజులుగా ఆమె ఎదురుచూస్తున్న మాట ఇదే అయి ఉండాలి. "నేను అప్పుడే అన్న" అంది భర్తతో. "పిలిస్తె పలుకకపోతరా, ఏదో అయ్యుంటదని."

సుభాష్ కట్టు అంచున వేలాడుతున్న దారాన్ని ఎడమచేత్తో లోపలికి దోపడానికి ప్రయత్నించాడు. అది లోపలికి పోలేదు.

"నేను పిలువలే అన్నా" అన్నాడు.

"అంటే?"

"పిలువలే. మీరు మాట్లాడుతున్నరు గద. అన్ని ఇనవడ్డయి." సుభాష్ కొంచెం నవ్వాడు. "ట్రాక్టరొస్తదన్నరు గద ఒకాయన. మంచిగ ఇనవడ్డది. పత్తి ధర గూడ. మాస్కే లక్ష అని నువ్వు చెప్పంగ నాకు భయమైంది, జాలికి తగిలి గీసుకపోతదేమోనని. తల పక్కకు జరుపుకున్న."

మీట నొక్కితే కిందివాడి మాట పైకి రాదు అన్న సగాన్నే మహేశ్ ఈ మూడు రోజులుగా పట్టుకుని ఏడుస్తున్నాడు. పైవాళ్ళ మాట కిందికి పోతూనే ఉంటుందన్న రెండో సగం, సైటులో అందరికీ తనే నేర్పిన సగం, అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు. మొద్దు కింద చెయ్యి నలుగుతున్న మనిషి చెవిలో తను కూర్చుని ధరలు చెప్పాడు.

"మరి పిలువవా?" అంది కల్యాణి. "చెయ్యి ఇరికింది గద. పిలువవా?"

"పెద్దోళ్ళు మాట్లాడుతున్నరు" అన్నాడు సుభాష్ ఆమెతో, ఇందులో చెప్పడానికేముంది అన్నట్టు. "పటేల్ మాట్లాడంగ నడుమల ఎట్ల మాట్లాడాలె? అన్న గూడ గట్లనే నేర్పిండు. పైనోళ్ళది అయిపోయినంకనే మనం మాట్లాడాలె అని. ఇప్పుడైతది, ఇప్పుడైతదని చూసిన. నీళ్ళు చల్లగుంటయి, నొప్పి ఎక్కువ తెలువలే. సిలిండర్‌ల గాలి మస్తుగుండె. అన్న అడగంగనే చెప్పిన గద." మహేశ్ వైపు తిరిగాడు. "పిలిచిన అని ఎట్ల చెప్పాలె అన్నా? అబద్ధమైతది. వాళ్ళు అడిగితె పిలువలే అనే చెప్త."

కల్యాణి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఏమైందని రామి కొడుకును వాళ్ళ భాషలో అడిగింది. అతను ఏమీ లేదన్నట్టు తల ఊపాడు.

మహేశ్ క్షమించమని అడగడానికి వచ్చాడు. దేనికని అడగాలో ఇప్పుడు తెలియడం లేదు. పిలుపు వినకపోవడం ఒక తప్పు, దానికో పేరుంది, విచారణలో రాసుకోవడానికి ఒక వరస ఉంది. పిలవడానికే నోరు రాకుండా ఒక మనిషి నీళ్ళ అడుగున తమ మాటలు ఎప్పుడవుతాయా అని ఓపిగ్గా కాచుకుని ఉండటానికి ఏ వరస ఉంది? తనకూ పైన అలాగే నోరు రాలేదు. కాకపోతే తన వేళ్ళు తనకున్నాయి.

జేబులో ఫోను మోగింది. రవీందర్ మామ. ఎత్తాడు. మామ గొంతు ఎప్పుడూ పెద్దదే. ఫోను చెవికి ఆనించుకున్నా వాకిలంతా వినిపిస్తుంది.

"అల్లుడా, రేపు వచ్చేటోళ్ళల్ల ఒకాయన మనకు తెలిసినోడే. నేను మాట్లాడిన. నువ్వు రెండే ముక్కలు చెప్పాలె. ఒకటి, ఫోను పనిచేస్తుంది..."

"మామా, నేను సుభాష్ వాళ్ళ ఇంట్ల..."

"నువ్వు ఆగు, నేను చెప్తున్న గద. ఒకటి, ఫోను పనిచేస్తుంది. రెండు, పిల్లగాడు పిలువలే. అబద్ధం గూడ కాదది."

మహేశ్ తల తిప్పి చూశాడు. సుభాష్ నీళ్ళ చెంబు కోసం ఎడమచేయి చాచి ఉన్నాడు. చెంబు అందలేదు. మంచం పట్టె అవతల నేల మీద ఉంది. తల్లిని ఇమ్మంటే సరిపోయేది. పటేల్ గొంతు వినగానే అతను అడగబోయిన మాట ఆపేసి, చాచిన చేతిని అలాగే ఒళ్ళో పెట్టుకుని, ఫోను మాటలు అయ్యేదాకా కూర్చుని ఉన్నాడు. అది చూసి రామి కూడా పత్తి ఏరడం ఆపింది.

మహేశ్ లేచి చెంబు తీసి సుభాష్ చేతికిచ్చాడు.

"మామా, నువ్వు ఆగు" అన్నాడు ఫోనులో.

అవతల మామ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎలక్షన్ల గురించో, శివాజీ గురించో. మహేశ్ ఆ మాటల మీదుగానే మాట్లాడాడు. "వేలు నీది మామా. తియ్యమననిది నేను. ఆ పిల్లగాడు నీ మాట అయిపోవాలని కిందనే ఆగిండు. నువ్వు మాట్లాడుతున్నవని ఆగిండు. రేపు నేను వాళ్ళకు ఇదే చెప్త. నీ పేరుతోని చెప్త, నా పేరుతోని చెప్త, శివాజీ సార్ అక్కడనే ఉన్నడని గూడ చెప్త."

ఎప్పుడు ఆగిందో తెలియదు గానీ అవతలి గొంతు ఆగింది. కల్యాణి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సుభాష్ తాగబోయిన చెంబును పెదవుల దగ్గరే పట్టుకుని, తప్పేదో జరిగిపోతున్నట్టు మహేశ్ వైపు చూస్తున్నాడు.

"ఏమన్నవ్‌రా?" అన్నాడు రవీందర్. కోపంగా కాదు. నిజంగానే వినలేదు.

మహేశ్ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.